కళాశాల కొత్త విద్యార్థులకు మార్గదర్శనం

కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థి తనకు ఏది బాగా వచ్చునో, ఏది నచ్చుతుందో తెలుసుకొని, దానికి తగ్గట్టు చదువునూ ఉద్యోగాన్నీ ఆలోచించుకునేలా సంస్థ అందించే సాయమే మార్గదర్శనం. నిజానికి దీనికి 'కౌన్సెలింగ్' అన్న పేరు ఉండాల్సింది. తెలుగు నేల మీద ఆ మాట వేరే దారి పట్టింది. 1986లో ఎంసెట్ అనే ప్రవేశ పరీక్ష మొదలయ్యాక, ర్యాంకును బట్టి సీటు కేటాయించే తంతుకే ఆ పేరు స్థిరపడింది. వెబ్ ఆప్షన్లు రాకముందు విద్యార్థి సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకొని, తండ్రినో మేనమామనో వెంటబెట్టుకొని కేంద్రానికి వెళ్లేవాడు. తన వంతు వచ్చేసరికి మిగిలిన సీట్లలో ఒకటి చూసుకునేవాడు. నీకేది ఇష్టమని అడగడానికి అక్కడెవరూ కూర్చోలేదు. 'కౌన్సెలింగ్ అయిందా?' అంటే ఇప్పటికీ 'సీటెక్కడొచ్చింది?' అనే అర్థం.

వృత్తి మార్గదర్శనాన్ని ఒక పద్ధతిగా మలిచినవాడిగా అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్‌ను చెబుతారు. ఆయన 1908లో బోస్టన్‌లో ఒక వృత్తి సలహా కేంద్రాన్ని తెరిచాడు. తనను తాను తెలుసుకోవడం, పనుల సంగతి తెలుసుకోవడం, రెండింటినీ బేరీజు వేసుకోవడం: ఆయన చెప్పింది ఇంతే. ఆయన పుస్తకం మరుసటి ఏడాది అచ్చయ్యేనాటికి ఆయన లేడు. కళాశాలలో మొదటి ఏడాదికంటూ ప్రత్యేక పాఠం పెట్టడం ఊపందుకున్నది చాలా తర్వాత. 1970లో విద్యార్థుల ఆందోళనను చవిచూసిన సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం 1972లో అలాంటి కోర్సు మొదలుపెట్టింది.

భారతదేశంలో వృత్తి మార్గదర్శనం 1938లో కలకత్తా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆరంభమైంది. ప్రభుత్వ విధానంలోకి తెచ్చింది మాత్రం 1952–53 నాటి మాధ్యమిక విద్యా సంఘం. దాని అధ్యక్షుడు ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ 1887లో కర్నూలులో పుట్టినవాడు. బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు పెట్టాలని, వాటిలో పిల్లల మొగ్గు కనిపెట్టి దారి చూపేవారు ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. మల్టీపర్పస్ స్కూళ్లు వచ్చాయి, ఆ పేర్లు కొన్ని ఊళ్లలో బోర్డుల మీద మిగిలాయి కూడా. దారి చూపేవారే చాలాచోట్ల రాలేదు. 1954లో ఢిల్లీలో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శక బ్యూరో ఏర్పడింది. ఇటు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు వృత్తి సలహా బాధ్యత తోడైంది. ఆ కోవలోనే విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార, మార్గదర్శక బ్యూరోలు వచ్చాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఒకటి ఉంది. అయితే జనం మనసులో ఎక్స్ఛేంజీ అంటే పేరు రాయించుకొని కార్డు రెన్యువల్ చేయించుకునే చోటే.

తెలుగు విద్యార్థి ఎంపిక అసలు కళాశాల గుమ్మం దాకా ఆగదు. 1969లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక, పదో తరగతి ఫలితాల వేసవిలోనే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్నది తేలిపోతోంది. డిగ్రీలో చేరేసరికి సగం దారి మూసుకుపోయి ఉంటుంది. ఈ లోటును ఎంతో కొంత పూడ్చినవి పత్రికలు. 'ఈనాడు' ప్రతిభ, 'సాక్షి' భవిత పేజీలను కత్తిరించి దాచుకున్న ఇళ్లకు లెక్కలేదు.

మొదటి ఏడాది విద్యార్థిని కూర్చోబెట్టి మాట్లాడాలన్న నిబంధన పక్కదారిన వచ్చింది. ర్యాగింగ్‌ను ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసి నిషేధించింది. 2009లో యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలు కొత్తవారికి పరిచయ కార్యక్రమాలు, కౌన్సెలింగ్ తప్పనిసరి చేశాయి. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు పట్టింపు పెరిగాక, అధ్యాపకుడికి కొందరు విద్యార్థులను అప్పగించే మెంటర్ పద్ధతి ఊపందుకుంది. తనిఖీ బృందం వస్తుందనగానే నిండే మెంటర్ రిజిస్టర్లూ ఉన్నాయి. పిల్లవాడు వరసగా నాలుగు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేసే మాస్టార్లూ ఉన్నారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో పెట్టిన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు మాట తీరు, ఆప్టిట్యూడ్, కంప్యూటర్ నేర్పి ప్రాంగణ నియామకాలకు సిద్ధం చేశాయి. వాటి చూపు వెళ్లబోయేవారి మీదే తప్ప వచ్చినవారి మీద కాదు.

దేశానికి ఒక నమూనా మాత్రం తెలుగు గడ్డ నుంచి వెళ్లింది. హైదరాబాద్ ట్రిపుల్ఐటీ 2005 నుంచి మానవ విలువల కోర్సు నడుపుతోంది. అప్పటి డైరెక్టర్ రాజీవ్ సంగల్ దానికి అండగా నిలిచారు. ఆ తర్వాత ఆయన బనారస్ ఐఐటీకి డైరెక్టరయ్యారు. ఏఐసీటీఈ ఇంజనీరింగ్ విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ రూపొందించినప్పుడు ఈ కోర్సునూ, గాంధీనగర్ ఐఐటీలో 2011 నుంచి నడుస్తున్న ఫౌండేషన్ కార్యక్రమాన్నీ ఆధారంగా తీసుకుంది. 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో డిగ్రీ కళాశాలలకూ అలాంటి మార్గదర్శకాలు ఇచ్చింది.

దేశం సంగతి అలా ఉంచి ఒక ఊరిని చూస్తే, అనకాపల్లిలో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువుంది. బెల్లం మార్కెట్‌కు పేరుపడిన ఊరిది. ఇక్కడి ఏఎంఏఎల్ కళాశాల పూర్తి పేరులో 'అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్' ఉంది. ఈ ఊళ్లో పై చదువు వెనక వర్తకులున్నారని ఆ పేరే చెబుతుంది. చెరకు పరిశోధన ఇక్కడ 1913 నుంచి సాగుతోంది. పొలం, కొట్టు, ప్రభుత్వ ఉద్యోగం అన్న పాత లెక్కకు పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ కొత్త పద్దులు చేర్చాయి. ఇవన్నీ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనివే. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటే పని ఎక్కడ దొరుకుతుందో ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పని తనకు సరిపడుతుందా అన్నది వేరే ప్రశ్న.

2020–21లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీలో జీవన నైపుణ్య కోర్సులు, మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ప్రవేశపెట్టింది. మొదటి ఏడాది ముగిశాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్. 2023–24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు, మొదటి సెమిస్టర్‌లో మేజర్ పాఠాలు పెట్టకుండా ఆ రంగాన్ని పరిచయం చేసే ఉమ్మడి కోర్సులు పెట్టారు. అయితే ఏ మేజర్ అన్నది ఆన్‌లైన్ ప్రవేశాలప్పుడే నింపేయాల్సి వచ్చింది. ఆ వేసవిలో అనకాపల్లి విద్యార్థి వెబ్ ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు ఇంటర్నెట్ సెంటర్‌లో, పక్కన నిలబడ్డ స్నేహితుణ్ని అడిగి.