ఆ సోమవారం మీరెక్కడున్నారు?



1984 అక్టోబర్ 31న ఇందిరా గాంధీ హత్య జరిగినప్పుడు తాము ఎక్కడున్నారో చెప్పగలిగే పెద్దలు దేశంలో ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆదిలాబాద్ ఆదివాసులమైన మనకు అంతకు ముందే అలాంటి రోజు ఒకటి వచ్చింది. అది 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి.

ఆ రోజు సోమవారం, అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ కూడా అప్పుడే. పోడు భూములకు పట్టాలివ్వాలి, గిరిజనేతరుల చేతిలోకి పోయిన భూములు తిరిగి రావాలి, షావుకార్ల దోపిడీ ఆగాలి అన్నవి సభ కోరికలు. భూముల కోసం 1/70 చట్టం అప్పటికే ఉంది, అమలు మాత్రం లేదు. సభకు అనుమతి లేదన్నారు, 144 సెక్షన్ పెట్టారు. దూరపు గూడేల నుంచి నడిచి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. ఉప్పు, నూనె కొనడానికి వచ్చినవాళ్లూ, సభకు వచ్చినవాళ్లూ ఒకే దారిలో ఉన్నారు. పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది. చనిపోయినవాళ్లు ఇంకా చాలామంది అని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి.

1983లో కట్టిన అమరవీరుల స్థూపాన్ని 1986లో ధ్వంసం చేశారు. తర్వాత మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న ఆంక్షల మధ్యే నివాళి అర్పించాల్సి వచ్చింది. బయట తలుచుకోలేని రోజుల్లో ఇళ్లల్లోనే తలుచుకున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. ఈసారి దండారికి పెద్దలంతా ఒకచోట చేరినప్పుడు పక్కన కూర్చోండి. ఎంతమంది చనిపోయారని మొదలుపెట్టకండి. ఆ సోమవారం మీరెక్కడున్నారని అడగండి. ఎవరితో వెళ్లారు, ఏ దారిన ఇల్లు చేరారు, ఎవరు తిరిగి రాలేదు, మళ్లీ అంగడికి ఎప్పుడు వెళ్లారు? 'నేను వెళ్లలేదు' అన్నవాళ్లనూ వదలకండి. ఆ రాత్రి ఇంటి దగ్గర ఎదురుచూసింది వాళ్లే. గోండిలో చెప్తే గోండిలోనే, కొలామీలో చెప్తే కొలామీలోనే ఫోన్లో రికార్డు చేయండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకోండి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తేదీని పుస్తకాలు తలోరకంగా రాస్తాయి. మన పెద్దలు మాత్రం ఆశ్వయుజ పున్నమిని గుర్తుపెట్టుకున్నారు. నేటికీ ఆ పున్నమికే జోడేఘాట్ చేరుతున్నాం. ఇంద్రవెల్లి సోమవారాన్ని అలా నిలబెట్టే బాధ్యత ఇప్పుడు మనది.