వరిగడ్డి మీద పుట్టగొడుగుల పెంపకం (పాలకొల్లు ప్రాంతం)

సార్వా, దాళ్వా రెండు పంటల గడ్డీ దొరికే పాలకొల్లులో ఇంటి పుట్టగొడుగులకు ముడిసరుకు కొరత లేదు. ఇబ్బందల్లా వేడే. బజారులో కనిపించే తెల్ల బటన్ రకం కాపుకు రావాలంటే 14–18 డిగ్రీల చల్లదనం కావాలి. ఏసీ గది లేనివారు దాని జోలికి పోకపోవడమే మేలు.

కొత్తవారికి చలికాలంలో ముత్యపుచిప్ప రకం తేలిక. వానకు తడవని కొత్త గడ్డిని చిన్న ముక్కలు చేసి, నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచుతారు. నీరోడ్చి, పిండితే చుక్క కారనంతగా ఆరాక పాలిథిన్ సంచిలో గడ్డి ఒక వరస, స్పాన్ అనే విత్తనం ఒక వరస నింపి, గాలికి చిల్లులు పెట్టి చీకటి గదిలో వేలాడదీస్తారు. రెండు మూడు వారాల్లో సంచి తెల్లబడుతుంది. అప్పుడు దాన్ని చీల్చి, గాలీ వెలుతురూ తగలనిచ్చి, రోజూ నీరు చిలకరిస్తే దాదాపు వారంలో కోతకొస్తుంది. పచ్చ బూజు కనబడిందా, గడ్డి సరిగా ఉడకలేదనో తడి ఎక్కువైందనో అర్థం. ఆ సంచి పారేయాల్సిందే.

వేసవికి పాల పుట్టగొడుగు ఉంది, కాకపోతే పైన మట్టి పొర వేయాలి.

వరిగడ్డి పుట్టగొడుగు అనే మరో రకానికి 30–35 డిగ్రీలు హాయి. మన దేశంలో దీన్ని 1940లలో కోయంబత్తూరులో తొలిసారి సాగుచేశారు. గుడ్డు ఆకారంలో ఉండగానే కోసి, ఆ రోజే వండుకోవాలి; ఫ్రిజ్‌లో పెడితే నీరుకారిపోతుంది.