ఛార్ సరస్సు, మెరెట్టా సరస్సు: ధ్రువ ప్రాంతంలో మంచినీటి పరిశోధన

అంతర్జాతీయ జీవశాస్త్ర కార్యక్రమం (1964–74) వివిధ దేశాల్లో నేల, నీరు ఎంత జీవరాశిని ఉత్పత్తి చేయగలవో కొలవడానికి పూనుకుంది. అందులో కెనడా ఎంచుకున్న స్థలాల్లో ఒకటి కార్న్‌వాలిస్ దీవిలోని రెజల్యూట్ సమీపాన ఉన్న ఛార్ సరస్సు. పటంలో 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి వెతకండి.

అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి తొలి రోజుల వరకు సూర్యుడు కనిపించడు. సరస్సు ఏడాదిలో దాదాపు పది నెలలు మంచు కిందే ఉంటుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ రిగ్లర్ నాయకత్వంలో పరిశోధకులు 1968 నుంచి 1972 వరకు అక్కడ పనిచేశారు. వేసవి శిబిరంతో సరిపెట్టకుండా చలికాలంలోనూ మంచుకు రంధ్రాలు చేసి నమూనాలు తీశారు. ఈ పరిశోధనకు విలువ తెచ్చింది, నా దృష్టిలో, ఆ ఓపికే. నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు చాలా తక్కువనీ, ఉత్పత్తిలో ఎక్కువ భాగం అడుగున పెరిగే నాచు, శైవలాలదేననీ తేలింది. చేపల్లో ఉన్నది ఒక్క ఛార్ జాతే.

ఇంత పేదరికానికి కారణం చలి, చీకటేనా? ఇక్కడ మీరు పక్కనున్న మెరెట్టా సరస్సును చూడాలి. 1949లో ఏర్పడిన వైమానిక స్థావరం మురుగునీరు ఏళ్ల తరబడి అందులోకే చేరింది. అదే చలి, అదే చీకటి. అయినా ఫాస్ఫరస్ అందడంతో మెరెట్టాలో శైవలాలు ఎన్నో రెట్లు పెరిగాయి. శీతాకాలంలో మంచు కింద లోతు నీటిలో ప్రాణవాయువు తరిగిపోయింది. రెండు సరస్సులూ అచ్చంగా ఒకలాంటివి కావు, మెరెట్టా లోతు తక్కువ. కనుక చలికి ప్రభావం లేదని రాయకండి; పోషకాల కొరత కూడా ప్రధాన కారణమని రాయండి. ఎవరూ ప్రయోగంగా తలపెట్టని కాలుష్యం శాస్త్రజ్ఞులకు ప్రయోగంగా ఉపయోగపడింది.

ఈ చరిత్రను సరస్సులకే పరిమితం చేసి చదవడం సరికాదు. 1953, 1955 సంవత్సరాల్లో కెనడా ప్రభుత్వం ఇనుక్‌జువాక్, పాండ్ ఇన్‌లెట్‌ల నుంచి ఇన్యూట్ కుటుంబాలను రెజల్యూట్‌కు తరలించింది. మంచి వేట దొరుకుతుందన్న మాట నమ్మి వచ్చినవారు తమకు తెలియని నేల మీద, నెలల చీకటిలో బతకడం నేర్చుకోవలసి వచ్చింది. పరిశోధకులు విమానం దిగినప్పటికే వారు అక్కడ పదేళ్లకు పైగా ఉన్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. మెరెట్టాలోకి మురుగు రావడం 1990ల చివరికి ఆగింది. రెజల్యూట్ గ్రామానికి తాగునీరు వచ్చేది ఛార్ సరస్సు నుంచే.