త్రీడీ కళ్ళజోడు – మా పెద్దబాపు మెల్లకన్ను

మా బాపుకి ఇప్పటికీ గుర్తున్న సినిమా 'చిన్నారి చేతన'. 1984లో మలయాళంలో వచ్చిన మన దేశపు మొదటి త్రీడీ సినిమా 'మై డియర్ కుట్టిచాతన్'కి తెలుగు డబ్బింగ్ అది. కరీంనగర్‌లో చూసిన రోజు హాలంతా చేతులు చాపారట. పక్కనే ఉన్న మా పెద్దబాపుకి మాత్రం ఏమీ కనపడలేదు. "అందరు నాటకాలాడుతున్నరు" అన్నడట. ఆయనకి చిన్నప్పట్నుంచీ మెల్లకన్ను.

మొన్న ఆఫీసులో వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇరవై నిమిషాలకే తల పట్టేసింది. ఎందుకో చదవబోతే ఈ కథ గుర్తొచ్చింది.

1838లో వీట్‌స్టన్ అద్దాలతో స్టీరియోస్కోప్ చేసి, రెండు కళ్ళకీ కాస్త తేడా ఉన్న బొమ్మలు చూపిస్తే లోతు పుడుతుందని చూపించాడు. 1960 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో బేలా జులెష్ కంప్యూటర్‌తో ఉత్త చుక్కల బొమ్మలు గీయించాడు. ఒక్కో కంటికి చెత్త, రెండూ కలిస్తే ఒక చతురస్రం పైకి తేలుతుంది. అంటే లోతుని లెక్కకట్టేది మెదడన్నమాట. 1967లో పిల్లి మెదడులో ఆ తేడాకే స్పందించే కణాలు దొరికాయి. పసితనంలో రెండు కళ్ళూ కలిసి పనిచెయ్యకపోతే ఆ ఏర్పాటు సరిగ్గా కుదరదు. పెద్దబాపు అబద్ధం ఆడలేదు.

నా తలనొప్పి వేరే. కళ్ళు దగ్గరి బొమ్మవైపు తిరుగుతాయి, ఫోకస్ మాత్రం తెర దూరం దగ్గరే ఉండాలి. ఈ పేచీ వల్ల అలసటే కాదు, రెండు బొమ్మల్ని కలుపుకోడానికి కూడా ఎక్కువ సమయం పడుతుందని 2008లో బర్క్‌లీలో మార్టిన్ బ్యాంక్స్ బృందం కొలిచి చెప్పింది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రి వచ్చింది 1996లో. అప్పటికి పెద్దబాపుకి ముప్ఫై దాటాయి. మా అక్క బిడ్డకిప్పుడు నాలుగేళ్ళు, ఎడమ కన్ను కొద్దిగా లోపలికి పోతుంది. "పెద్దగైతే అదే సర్దుకుంటది" అంటుంది అమ్మ. సోమవారం సెలవు పెట్టాను, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం.