మీగడ ఎవరికి?

పాలు కాచిన గిన్నెమీద మీగడ కట్టిందంటే చాలు, మన ఇళ్ళల్లో దానికి వాటాదార్లు బయల్దేరతారు. బక్కపల్చగా ఉన్న పిల్లాడి గ్లాసులోకి కాస్త, మామగారి పెరుగులోకి కాస్త, మిగిలింది వెన్నకోసం పక్కన పెట్టటం. బొద్దుగా ఉన్న అమ్మాయి చెయ్యి చాస్తే మాత్రం "నీకెందుకే, వద్దులే" అనేస్తాం. ఏ పుస్తకమూ తిరగెయ్యకుండా ఇల్లాలు రోజూ చెప్పే ఈ తీర్పుకోసం పెద్ద పెద్ద ప్రభుత్వాలు నూరేళ్ళుగా తలపట్టుక్కూచున్నాయి. బడిలో పిల్లలకిచ్చే పాలు వెన్నతో ఇవ్వాలా, తీసేసి ఇవ్వాలా అన్న తగువు తేల్చటానికి అమెరికావాళ్ళు 2026 జనవరిలో ఏకంగా ఒక చట్టమే చేశారు మరి!

ఈ కథ మొదట్నుంచీ వినాలంటే ముందు స్కాట్లండ్ వెళ్ళాలి. 1927 ప్రాంతంలో జాన్ బాయిడ్ ఆర్ అనే పోషకాహార నిపుణుడు, తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాయనే, అక్కడి పట్టణాల్లోనూ బెల్‌ఫాస్ట్‌లోనూ బడిపిల్లల్ని జట్లుగా విడదీశాడు. ఒక జట్టుకి వెన్నతో ఉన్న పాలు, ఇంకో జట్టుకి వెన్న తీసిన పాలు, మూడో జట్టుకి బిస్కట్లు. నాలుగో జట్టుకి ఏమీ లేదు. కొన్ని నెలలు పోయాక కొలిచి చూస్తే పాలు తాగిన పిల్లలు మిగతావాళ్ళకన్న బాగా ఎదిగారు. విశేషమేమంటే, వెన్న తీసిన పాలు తాగినవాళ్ళు కూడా ఎదిగారు! ఎముకకి కావలసిన కాల్షియమూ, కండకి కావలసిన మాంసకృత్తులూ వెన్నతోబాటు పోవు. పోయేది కొవ్వు, దాన్ని అంటిపెట్టుకుని ఉండే విటమిన్ ఏ.

ఈ ఫలితం చూసి ఉత్సాహం పుట్టి, 1930లో లానార్క్‌షైర్ అనే జిల్లాలో మరీ పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. ఇరవై వేలమంది పిల్లలు. పదివేలమందికి నాలుగు నెలలపాటు రోజూ ముప్పావు పైంటు పాలు, పదివేలమందికి ఉత్త చేతులు. ఎవరు ఏ జట్టో చీట్లు వేసో, పేర్ల వరసనిబట్టో తేల్చాలి. అయితే ఒక జట్టులోకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువగా వచ్చేస్తే కాస్త సర్దుకోవచ్చని టీచర్లకి వెసులుబాటిచ్చారు.

ఇంకేముంది! ఆ టీచర్లకీ కళ్ళున్నాయి, మనసుంది. ఎముకలగూడులాంటి పిల్లాడు ఎదురుగా నిలబడితే "నీకు పాలు లేవురా" అనటానికి నోరెలా వస్తుంది? తెలిసో తెలియకో అలాంటి పిల్లల్ని పాలజట్టులోకి తోసేశారు. పాలు లేని జట్టు మొదట్లోనే పొడుగ్గా, బరువుగా తేలింది. పైగా ఫిబ్రవరి చలిలో బరువు తూచినప్పుడు ఉన్నవాళ్ళ పిల్లల ఒంటిమీద మందపాటి బట్టలు; జూన్‌లో మళ్ళీ తూచేనాటికి అవి లేవు. పేదపిల్లలకి రెండు కాలాల్లోనూ ఇంచుమించు అవే బట్టలు. ఇక ఆ తూకం ఏం చెబుతుంది?

ఈ తప్పు పట్టుకున్నాయన ఎవరనుకున్నారు? గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గోసెట్! 'స్టూడెంట్' అన్న మారుపేరుతో 1931లో వ్యాసం రాసి, ఇరవై వేలమంది అక్కర్లేదు, అచ్చు ఒక్కలాగే పుట్టిన కవలపిల్లల జంటలు యాభై ఉంటే ఇంతకన్న నమ్మకమైన జవాబు వస్తుందన్నాడు. పాల లెక్క సరిచెయ్యటానికి బీరు కంపెనీ మనిషి కావలసివచ్చాడన్నమాట.

లెక్క తేలినా తేలకపోయినా ఆకలి ఆగదు కదా. 1934లో బ్రిటన్ బడుల్లో మూడోవంతు పైంటు పాలు అరపెన్నీకి ఇవ్వటం మొదలుపెట్టారు. 1946లో విద్యామంత్రి ఎలెన్ విల్కిన్సన్ హయాంలో అవి పిల్లలందరికీ ఉచితమయ్యాయి. పెద్ద బడుల్లో 1968లోనే ఆపేశారు. 1971లో ఏడేళ్ళు దాటిన పిల్లలకి కూడా ఆపించిన విద్యామంత్రి మార్గరెట్ థాచర్. ఆవిడకి 'పాలు లాక్కున్న థాచర్' అన్న పేరు జన్మంతా వదల్లేదు. ఇచ్చిందీ ఆడదే, లాక్కున్నదీ ఆడదే!

అమెరికా కథ వేరు. యుద్ధంలో సైన్యానికి వచ్చిన కుర్రాళ్ళలో తిండి చాలక నీరసించినవాళ్ళు ఎందరో ఉన్నారన్న బెంగ ఒకవైపు, రైతుల దగ్గర మిగిలిపోతున్న పంట ఇంకోవైపు. ఈ రెండూ కలిసి 1946లో బడిభోజనాల చట్టం తెచ్చాయి. పూర్తి భోజనమంటే అందులో అర పైంటు వెన్నపాలు ఉండి తీరాలి. కాలం మారింది. ఆకలి భయం వెనక్కిపోయి గుండెజబ్బు భయం ముందుకొచ్చింది. 2012 నుంచి బడుల్లో వెన్న పూర్తిగా తీసినవో, ఒక్కశాతం ఉన్నవో మాత్రమే పొయ్యాలన్నారు. 2026 చట్టం చిక్కటి పాలకి మళ్ళీ తలుపు తెరిచింది. తాగి తీరాలని మాత్రం అనలేదు. అన్నట్టు, అక్కడివాళ్ళ చిక్కటి పాలల్లో ఉండే వెన్న మూడుంపావు శాతం. మనం మొహం ముడుచుకుని కొనే టోన్డ్ పాకెట్లో ఉండేది మూడు శాతం!

అమెరికా పిల్లలు వెన్నపాలు తాగుతున్న ఆ రోజుల్లోనే, వెన్న తీయగా మిగిలిన పాలు పొడిగా మారి ఓడలెక్కాయి. యూనిసెఫ్, కేర్ సంస్థల ద్వారా మన దేశపు బడులకీ చేరాయి. 1960లలో మన పల్లెల్లో చదువుకున్న పెద్దవాళ్ళని అడగండి, ఆ పాలపొడి అంగిలికి అంటుకుపోవటం, మొక్కజొన్న రవ్వ ఉప్మా వాసన ఇప్పటికీ చెబుతారు. ఆకలితో ఉన్న పిల్లలకి అది వరమే. కానీ వెన్నతోబాటు విటమిన్ ఏ కూడా అక్కడే ఉండిపోయింది. ఆకుకూరా, పండూ, నెయ్యీ ఇంట్లో దొరకని పిల్లలకి అది లేకపోతే రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది. తర్వాత పొడిలో ఆ విటమిన్ కలిపి పంపటం మొదలుపెట్టారు.

ఇప్పటి శాస్త్రజ్ఞులేమంటున్నారు? రెండేళ్ళు దాటిన పిల్లలకి వెన్న తగ్గించిన పాలు చాలునని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సలహా. కానీ 2020లో కెనడాలో ఇరవై ఎనిమిది అధ్యయనాలు కలిపి చూస్తే, చిక్కటి పాలు తాగే పిల్లల్లోనే ఊబకాయం తక్కువగా కనిపించింది. వెంటనే సంబరపడకండి. అవన్నీ ఇంట్లో ఎవరేం తాగుతున్నారో చూసి రాసుకున్న లెక్కలే. సన్నగా ఉన్న పిల్లాడికి తల్లి మీగడ వేసి ఉండొచ్చు, బొద్దుగా ఉన్నవాడికి తీసేసి ఉండొచ్చు. ఇది మళ్ళీ లానార్క్‌షైర్ టీచరమ్మల కథే! ప్రేమ ముందు నడిచి వెళ్ళిపోయింది, త్రాసు వెనకాల వచ్చింది.

నామటుకు నాకు తోచేది ఇదీ. రెండుపూటలా నెయ్యీ, పెరుగూ చూసే పిల్లాడికి బడిలో వెన్న తీసిన పాలు పోసినంతమాత్రాన వచ్చే లోటేమీ లేదు. ఆ బడిగ్లాసు తప్ప ఇంకో పాలచుక్క ఎరగని పిల్లకి మాత్రం ప్రతి చుక్కా, అందులోని వెన్నా లెక్కే. తల్లిలాగా ఒక్కొక్క మొహం చూసి పొయ్యటం బడికి చేతకాదు. ఒకే బిందె, ఒకే గరిటె. కనక ఆ బిందెలో ఏం పొయ్యాలో నిర్ణయించేవాళ్ళు నిండుగా తిని వచ్చినవాణ్ణి చూసి కాకుండా, వరసలో చివర ఖాళీ గ్లాసుతో నిలబడ్డ పిల్లని చూసి నిర్ణయించాలి. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళేసరికి బిందెలో పాలుంటే, అప్పుడు మీగడ సంగతి తీరిగ్గా పోట్లాడుకోవచ్చు.