కట్టుడు పండ్లు

సహజ దంతములు రాలిన చిగుళ్ళపై నమర్చుకొని, ఇచ్ఛానుసారము తీసి పెట్టుకొనదగిన కృత్రిమ దంతపంక్తి. పూర్వము గంధకముతో గట్టిపరచిన రబ్బరు పీఠముపై నిర్మింపబడిన యీ పండ్లకు 1930ల చివరనుండి ఆక్రిలిక్ పీఠము వచ్చినది.

రాత్రివేళ వీనిని తీసి, మెత్తని బ్రష్షుతో తోమి, చల్లని నీట నుంచవలెను. మరుగునీట ఆక్రిలిక్ వంకరపోవును, గరుకైన పండ్లపొడి గీతలు పెట్టును. కుళాయికడ కడుగువారు క్రింద నీరు నింపిన పళ్ళెము నుంచుకొనినచో, జారిపడినను పగులుట యరుదు. రాత్రియు తీయనివారి యంగిట శిలీంధ్రము పెరిగి మంట పుట్టును. దవడయెముక క్రమముగా నరుగుటచే నొకనాటి బిగువైన కట్టు వదులగును. అది కాలధర్మమేగాని ధరించువారి దోషము గాదు. దానిని ఇంట జిగురుతో సరిచేసికొనక, వృద్ధులు దంతవైద్యునిచే లోతలమును మార్పించుకొనవలెను.