పాలమూరు లేబర్: ముందు పైసలు, తర్వాత పని

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పల్లెల్లో ‘లేబర్’ ఇంగ్లీషు మాట అని ఎవరికీ తోచదు. ‘లేబర్‌కు పోయిండ్రు’ అంటే ఊరు విడిచి పనికి పోయారని అర్థం. పక్కవాళ్ల చేలో కలుపు తీస్తే అది లేబర్ కాదు, కూలి. నల్లగొండ వైపైతే కైకిలి. ఇంగ్లీషులో ఏ శ్రమకైనా సరిపోయే మాట ఇక్కడ ఇంత ఇరుకైపోవడానికి కారణం పని రకంలో కనిపించదు. పైసలు ఎప్పుడు చేతికొస్తాయన్న దాంట్లో ఉందని నా వాదన.

నిజాం కాలపు వెట్టిలో పైసల ఊసే లేదు. దొర గడీకి చాకలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు వంతులవారీగా చేసిన చాకిరీకి లెక్కా పద్దూ లేవు. జీతం అలా కాదు, అది పద్దుతోనే మొదలవుతుంది. ఇవాళ జీతమంటే నెల తిరిగేసరికి బ్యాంకులో పడేది. అప్పట్లో జీతం ఉండటమంటే తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు ఏళ్ల తరబడి దొర పశువుల వెంట తిరగడం. జీతగానికి గింజలు కొలిచేవారు. పద్దులో అప్పు మాత్రం అలాగే ఉండేది. సర్కారు కాగితాల్లో దీని పేరు భగేలా. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో ఆంధ్ర మహాసభ (ఊళ్ల మాటలో సంఘం) కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక దొరల మీద పోరు ముదిరింది. సంఘం వెట్టిని ఆపించింది, జీతగాళ్లకు, కూలీలకు రేట్లు పెంచమని పట్టుబట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వెట్టి కూలింది గానీ అప్పిచ్చి మనిషిని కట్టేసుకునే పద్ధతి కూలలేదు; చేతులు మారింది.

ఆ చేతులు కాంట్రాక్టర్లవి. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అది రాతి కట్టడం. రాయి మోయడానికి, మట్టి తవ్వడానికి వేల మంది కావలసి వచ్చారు. 1963లో శ్రీశైలం మొదలైంది. కాంట్రాక్టరు అంచనాల్లో సిమెంటు, రాయి పక్కన మనుషులు కూడా ఒక పద్దు: లేబర్. ఆ మాటను ఊళ్లోకి తెచ్చింది గుంపు మేస్త్రీ. దసరా ముందో వెనకో వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, ఆలుమగలిద్దరికీ కలిపి అడ్వాన్సు చేతిలో పెడతాడు, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. పని దగ్గర వారం వారం తిండి ఖర్చులకు కొంత ఇస్తారు. మిగతాది వానకాలం ముందు లెక్క చూసినప్పుడే. లెక్క తేలకపోతే మరుసటేడు మళ్లీ అదే మేస్త్రీ వెంట పోవాలి.

కరువు నేల, వలస పోక ఏం చేస్తారు అని ఎవరైనా అనొచ్చు. కరువు ఊరు విడిపిస్తుంది, నిజమే. ఎవరి వెంట, ఏ షరతు మీద పోవాలో చెప్పేది మాత్రం అడ్వాన్సు. వానలు బాగా పడిన ఏడు కూడా పాత బాకీ తీరని ఇల్లు కదలక తప్పదు. వెట్టి కంటే ఇది నయం కదా అన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. నయమే. దొర కళ్లముందు లేకపోవడం, నగదు కళ్లజూడటం చిన్న విషయాలు కావు. నిన్నటి లేబర్ మనిషే ఇవాళ మేస్త్రీ కావడమూ ఉంది. కానీ 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం చదివితే, అడ్వాన్సు ఇచ్చి దానికి బదులుగా కట్టుబడి పని చేయించుకోవడం కూడా అందులో నిషేధమే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరో అడుగు వేసింది: కాంట్రాక్టరు నెల కూలిలో సగాన్ని, లేదా 75 రూపాయలను, ఏది ఎక్కువైతే దాన్ని పనికి కుదుర్చుకునేటప్పుడే ఇవ్వాలని, తిరిగి అడగకూడదని చెప్పింది. మేస్త్రీ ఇచ్చేదీ బయల్దేరే ముందే, కాకపోతే అప్పుగా. పైగా ఆ చట్టం రాష్ట్రం దాటితేనే. పాలమూరులోని కోస్గి నుంచి ముంబై పోతే వర్తించేది, కర్నూలు పోతే లేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో అదే కర్నూలు వేరే రాష్ట్రంలోది అయింది.

2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. జనం దానికి పాత పేరే పెట్టుకున్నారు, కరువు పని. లేబర్ అనలేదు, పలుగూ పారా తట్టా అవే అయినా. ఇక్కడ పని ముందు, పైసలు తర్వాత. చట్టం ప్రకారమే పదిహేను రోజుల దాకా గడువు, ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. ఈ పథకం వచ్చాక కూడా వలస ఎందుకు ఆగలేదని అడిగేవాళ్లు కూలి రేట్లనే పోల్చి చూస్తారు. బిడ్డ పెళ్లికో, ఎండిన బోరు పక్కన మరో బోరుకో ఒక్కసారిగా కావలసిన మొత్తాన్ని జాబ్ కార్డు ఇవ్వదు. పూచీకత్తు అడగకుండా ఆ సొమ్ము ఇచ్చేవాడు మేస్త్రీ. అతని దగ్గర తాకట్టు పెట్టేది వచ్చే ఎనిమిది నెలల రెక్కల కష్టం.